చెయ్యి తిరగడం, చూపు కుదరడం: పల్నాడు ఆసుపత్రుల్లో కొత్త నర్సులు

నర్సింగ్ చదువు ముగించి కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయి గురించి వార్డులో రెండు మాటలు వినబడతాయి. ఒకటి, ‘ఇంకా చెయ్యి తిరగలేదు’. రెండోది, ‘ఇంకా కేసు అర్థం కావడం లేదు’. మొదటిది చేతిపనికి సంబంధించిన మాట. నరం దొరికించుకుని క్యాన్యులా పెట్టడం, ముక్కు గుండా ట్యూబు వేయడం, మందు కొలిచి సిరంజిలోకి తీయడం వంటివి నాలుగైదు నెలలు రోజూ చేస్తే పట్టుబడతాయి. రెండోది అంత త్వరగా రాదు. మంచం మీది మనిషిని చూడగానే ఏది మామూలు, ఏది ముంచుకొస్తున్న ప్రమాదం అని పసిగట్టి, తాను చేయగలిగింది చేసి, ఎవరిని ఎప్పుడు పిలవాలో తేల్చుకునే నేర్పు అది. పాఠ్యపుస్తకాలు దీన్ని క్లినికల్ జడ్జిమెంట్ అంటాయి. తెలుగులో వైద్య విచక్షణ అనవచ్చు. నర్సు ధైర్యం ఈ విచక్షణను అంటిపెట్టుకునే పెరుగుతుంది. విచక్షణ లేని ధైర్యం రోగికి ముప్పు. ధైర్యం లేని విచక్షణ డాక్టరుకు ఫోను చేయడానికి వెనకాడి, తెల్లవారేదాకా ఆగుతుంది.

ఈ రెండూ ఎలా కుదురుతాయో తెలుసుకోవడానికి పల్నాడు మంచి చోటు. కారణం ఇక్కడి జబ్బుల్లోనూ, ఇక్కడి దూరాల్లోనూ ఉంది.

నేల, కాలం, కేసులు

గుంటూరు జిల్లా నుంచి విడిపోయి 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. ఉత్తరాన కృష్ణానది, పడమట నల్లమల అంచు, మాచర్ల పక్కన నాగార్జునసాగర్. మిరప, పత్తి ఇక్కడి ప్రధానమైన వాణిజ్య పంటలు. పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు, దాచేపల్లి చుట్టుపక్కల ప్రాంతం సిమెంటు కర్మాగారాలకు పేరు. ఎండల మాట వస్తే రాష్ట్రంలో ముందుగా తలచుకునే ఊరు రెంటచింతల. దుర్గి, వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు తండాలు, అడవి అంచు గూడేలు ఉన్నాయి. పెద్ద వైద్యం కావాలంటే దిక్కు గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి. నరసరావుపేట నుంచి అది సుమారు 45 కిలోమీటర్లు, మాచర్ల నుంచి నూరు కిలోమీటర్లకు పైనే.

ఇక్కడి క్యాజువాలిటీకి ఒక పంచాంగం ఉంది. తొలకరి పడి పొలం పనులు మొదలవగానే పాము కాట్లు. మిరపకు, పత్తికి మందు కొట్టే నెలల్లో పురుగుమందు ఒంటికి సోకినవాళ్లు, కష్టం తట్టుకోలేక అదే మందు తాగినవాళ్లు. మే నెలలో వడదెబ్బ. ఏడాది పొడవునా బట్టీల్లో కంట్లో సున్నం పడినవాళ్లు, తేలు కుట్టిన పిల్లలు. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ల నాడు ఊపిరాడక పడిపోయినవాళ్లు, ప్రభల దగ్గర దెబ్బ తగిలినవాళ్లు. కాన్పులకు కాలంతో పనిలేదు.

కొత్తగా చేరిన సిస్టర్ ఈ పంచాంగం ఒక్క చుట్టు తిరిగితే గానీ ఆ ఊరి నర్సు కాదు. కాలేజీలో పాము కాటు ఒక అధ్యాయం, తేలు కాటు మరో పేరా. ఇక్కడ మాత్రం సంచిలో చచ్చిన పామును తెచ్చి బల్ల మీద పెట్టేవాళ్లుంటారు, ‘ఏదో పురుగు ముట్టింది నర్సమ్మా’ అని పాము పేరెత్తకుండా చెప్పేవాళ్లుంటారు. ఆ ‘పురుగు’ అనే మాట వెనక పాము ఉండవచ్చని తెలియడం కూడా విచక్షణలో భాగమే.

పూర్వరంగం

పల్నాటికి పాశ్చాత్య వైద్యం మిషనరీల వెంట వచ్చింది. అమెరికా లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ 1842లో గుంటూరు వచ్చి, మధ్యలో స్వదేశం వెళ్లినప్పుడు వైద్యం చదువుకుని తిరిగొచ్చి, 1849 ప్రాంతంలో గురజాలకు మారాడు. 1883లో గుంటూరు చేరిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్ 1898లో ఆడవాళ్ల కోసం ఆసుపత్రి తెరిచింది. ఈనాటికీ అది ఆమె పేరుతోనే ఉంది. ఇలాంటి మిషన్ ఆసుపత్రులు తెలుగు అమ్మాయిలకు నర్సు పని నేర్పాయి. ఊళ్లో నీళ్ల బావి దగ్గరకు రానివ్వని కుటుంబాల ఆడపిల్లలు తెల్ల బట్టలు కట్టుకుని అన్ని కులాల తల్లులకూ కాన్పులు చేశారు. నర్సింగ్ చరిత్రలో దీనికి దక్కాల్సినంత చోటు దక్కలేదు.

గుంటూరు వైద్య కళాశాల 1946లో వచ్చింది. మరుసటి ఏడాది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చి దేశమంతటికీ ఒకే పాఠ్యక్రమానికి బాట వేసింది. దాని స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం ఆమోదం పొందింది. నేడు పల్నాడు ఆసుపత్రుల్లో చేరేవాళ్లు ఎక్కువగా మూడేళ్ల జీఎన్‌ఎం డిప్లొమా గానీ నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ గానీ చదివినవాళ్లు. ఏ చదువైనా, చదివేటప్పుడు పక్కన ట్యూటర్ ఉంటుంది. ఉద్యోగంలో చేరాక నైట్ డ్యూటీలో ఎవరూ ఉండకపోవచ్చు.

మొదటి ఆరు నెలలు

ఈ దశను అమెరికాలో మార్లీన్ క్రేమర్ 1974లోనే ‘రియాలిటీ షాక్’ అని పేరు పెట్టి పుస్తకంగా రాసింది. కాలేజీలో నేర్పిన పద్ధతికీ వార్డులో నడిచే పద్ధతికీ మధ్య అగాధం చూసి కొత్త నర్సు తల్లడిల్లిపోవడం అందులో విషయం. కెనడాకు చెందిన జూడీ డష్చర్ తర్వాతి కాలంలో మొదటి ఏడాదిని నెలలవారీగా పరిశీలించింది. తొలి మూడు నాలుగు నెలలు నర్సు ధ్యాసంతా పని పూర్తిచేయడం మీదే ఉంటుందని, రోగి మొత్తంగా కనబడడం ఆ తర్వాతే మొదలవుతుందని ఆమె గమనించింది.

మన వార్డుల్లో ఇది కళ్లకు కడుతుంది. కొత్త సిస్టర్ జేబులో ఒక కాగితం ఉంటుంది. 6 గంటలకు ఎవరికి ఏ ఇంజెక్షను, 8 గంటలకు ఎవరికి బీపీ చూడాలి, ఏ సెలైన్ ఎప్పుడు అయిపోతుంది. ఒక్కో పని అవగానే గీత కొడుతుంది. గీతలన్నీ కొట్టడం అయ్యేసరికి డ్యూటీ అయిపోతుంది. మూడో మంచం మీది తాత మధ్యాహ్నం నుంచి మాట తగ్గించేశాడన్నది ఆ కాగితంలో లేదు కనుక ఆమెకు కనబడదు. అదే వార్డులో పన్నెండేళ్లుగా ఉన్న సిస్టర్ లోపలికి వస్తూనే ఆ మంచం దగ్గర ఆగుతుంది. ఎందుకు ఆగావని అడిగితే వెంటనే చెప్పలేదు. ‘ఏదో తేడాగా ఉన్నాడు’ అంటుంది.

ఈ ‘ఏదో తేడా’ను తేలిగ్గా తీసిపారేయకూడదని పరిశోధనలు చెబుతున్నాయి. నెదర్లాండ్స్ పరిశోధకులు 2015లో ప్రచురించిన సమీక్షలో, నర్సుకు రోగి గురించి కలిగే ఆందోళన వెనక శ్వాసలో మార్పు, ఒంటి రంగు, మనసు కుదురు తప్పడం, ‘నాకేం బాగాలేదు’ అని రోగే అనడం వంటి గుర్తులు దాగి ఉంటాయని, వాటిలో చాలా వరకు బీపీ, నాడి అంకెలు చెడకముందే కనబడవచ్చని తేల్చారు. అంటే సీనియర్ సిస్టర్ చూపులో మాయ ఏమీ లేదు. ఆమె చూసినదానికి పేరు పెట్టకముందే మెదడు లెక్క కట్టేసింది.

కొత్త అమ్మాయి ‘అక్కా, మీకెలా తెలిసింది?’ అని అడిగినప్పుడు ఆ లెక్కను విడమరిచి చెప్పడమే శిక్షణలో అసలు భాగం. ‘చూడు, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో పూర్తి నిమిషం లెక్కపెట్టు. చేతులు చల్లగా ఉన్నాయా? పొద్దున్నుంచి మూత్రం ఎంత వచ్చింది?’ శ్వాసల లెక్క అన్నిటికంటే తేలిక, అన్నిటికంటే నిర్లక్ష్యానికి గురయ్యేది కూడా అదే. చూడకుండానే చార్టు నిండా 20 అని రాసుకుంటూ పోయే అలవాటు మన ఆసుపత్రులకే పరిమితం కాదు, ప్రపంచమంతటా ఉంది. బ్రిటన్‌లో 2012లో తెచ్చిన ఎర్లీ వార్నింగ్ స్కోరు శ్వాస, ఆక్సిజన్, ఉష్ణోగ్రత, బీపీ, నాడి, స్పృహ అనే ఆరింటికి మార్కులు వేసి కొత్తవాళ్లకూ ఆ చూపును కొంత అందించింది. స్కోరు మంచి ఊతకర్ర. అయితే 20 అని ఊహించి రాసిన అంకెకు వేసిన మార్కు ఎవరినీ కాపాడదు.

అనుభవం ఎలా పనిచేస్తుంది

అమెరికా నర్సింగ్ ఆచార్యురాలు పాట్రీషియా బెన్నర్ 1984లో రాసిన ‘ఫ్రమ్ నోవిస్ టు ఎక్స్‌పర్ట్’ ఈ రంగంలో మూలగ్రంథం. చదరంగం ఆటగాళ్లను, విమాన చోదకులను గమనించి డ్రేఫస్ సోదరులు చేసిన నమూనాను ఆమె నర్సులకు అన్వయించి, కొత్త మనిషి నుంచి నిపుణురాలి వరకు ఐదు మెట్లు చూపింది. మొదటి మెట్టున నియమమే దిక్కు. ఒకే తరహా వార్డులో రెండు మూడేళ్లు పనిచేశాక ఏది ముందు, ఏది వెనక అన్న ఎంపిక వస్తుంది. పైమెట్టున పరిస్థితి మొత్తంగా ఒక్కసారి కళ్లముందు నిలుస్తుంది. క్రిస్టీన్ టానర్ 2006లో ఇదే సంగతిని నాలుగు పనులుగా విడదీసింది: గమనించడం, అర్థం చేసుకోవడం, స్పందించడం, ఆపైన జరిగినదాన్ని నెమరువేసుకోవడం.

బెన్నర్ చెప్పినదాంట్లో తరచుగా మరిచిపోయే అంశం ఒకటుంది. ఏళ్లు గడవడాన్ని ఆమె అనుభవం అనలేదు. మనం అనుకున్నదాన్ని ఒక కేసు తప్పని చూపినప్పుడో, సరిదిద్దినప్పుడో దాన్ని అనుభవం అంది. ఆ లెక్కన పల్నాడులో కట్లపాము కంటే పెద్ద గురువు లేదు.

కట్లపాము కాటు చాలాసార్లు నిద్రలో పడుతుంది. నొప్పి ఉండదు, వాపు ఉండదు, గాటు కనబడదు. నేల మీద పడుకున్న కుర్రాడు తెల్లవారుజామున కడుపునొప్పి అని లేచి వాంతి చేసుకుంటాడు. ఇంట్లోవాళ్లు గ్యాస్ అనుకుంటారు. ఆసుపత్రికి తెస్తే కొత్త సిస్టర్ కూడా అలాగే అనుకుని కడుపునొప్పి ఇంజెక్షను సిద్ధం చేస్తుంది. చూపు కుదిరిన సిస్టర్ అడిగే మొదటి ప్రశ్న వేరు: ‘రాత్రి ఎక్కడ పడుకున్నాడమ్మా?’ నేల మీద అన్న జవాబు రాగానే కుర్రాడి ముఖానికి ఎదురుగా నిలబడి, పైకి చూడమంటుంది. రెప్పలు పూర్తిగా లేవకపోతే, సగం మూసుకున్నట్టే ఉండిపోతే, అది విషం నరాల మీద పనిచేయడం మొదలుపెట్టిన గుర్తు. తర్వాత మింగడం కష్టమవుతుంది, ఆపైన ఊపిరి. ఊపిరి అందించే అంబు బ్యాగు, గొంతులోని ఊటను లాగే సక్షన్ మంచం దగ్గరికి వచ్చాకే మిగతా పనులు.

రక్తపింజర కథ ఇందుకు తలకిందులు. అక్కడ నొప్పి, వాపు, చిగుళ్ల నుంచి నెత్తురు. దాన్ని తేల్చేది ఒక గాజు గొట్టం. రోగి నరం నుంచి తీసిన 2 మిల్లీలీటర్ల తాజా రక్తాన్ని శుభ్రమైన పొడి గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచాలి. ఆ తర్వాత ఒక్కసారి వంచి చూడాలి. గడ్డ కట్టి అంటుకుంటే సరే. నీళ్లలా జారితే విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వడం లేదని అర్థం. ల్యాబు లేని చోట, అర్ధరాత్రి, కరెంటు ఉన్నా లేకపోయినా చేయగలిగే పరీక్ష ఇది. అయినా తప్పు దొర్లడానికి బోలెడు సందులున్నాయి. ప్లాస్టిక్ గొట్టం వాడినా, సబ్బుతో కడిగిన గొట్టం వాడినా గడ్డకట్టాల్సిన రక్తం కూడా కట్టదు. ఆత్రం కొద్దీ పదో నిమిషంలో ఎత్తి చూస్తే పరీక్ష పాడవుతుంది. మొదటిసారి గడ్డ కట్టిందని ధీమా పడి మళ్లీ చేయకపోతే, ఆలస్యంగా పనిచేసే విషం తప్పించుకుంటుంది.

ఆ 20 నిమిషాలు కొత్త నర్సుకు చాలా పొడుగు. బయట బంధువులు తలుపు బాదుతుంటారు, ‘ఇంజెక్షను ఎందుకు వేయరు?’ అని అరుస్తుంటారు. ఊరికే కూర్చోలేదని, ఈ గొట్టమే ఇప్పుడు వైద్యమని వాళ్లకు నచ్చజెప్పి, అదే సమయంలో వాపు ఎక్కడిదాకా పాకిందో పెన్నుతో గీత గీసి, టైము రాసి, కాటుకు పైన కట్టుకొచ్చిన గుడ్డను డాక్టరు చెప్పేదాకా ఎవరూ ఒక్కసారిగా విప్పకుండా చూసుకోవాలి. విరుగుడు మందు మొదలుపెట్టాక మరో కాపలా. సాధారణంగా మొదట 10 వయల్స్ సెలైన్‌లో కలిపి ఎక్కిస్తారు. ఆ మందు గుర్రపు రక్తరసం నుంచి తయారైంది కాబట్టి కొందరికి పడదు. చేతి మీద దురద, దద్దుర్లు, పొడి దగ్గు, మళ్లీ వాంతి. వీటిలో ఏది కనబడినా డ్రిప్పు ఆపి, అడ్రినలిన్ తొడ కండరానికి వేయాలి. పెద్దవాళ్లకు అర మిల్లీగ్రాము. మొదలుపెట్టేముందే ఆ సిరంజి నింపి పక్కన పెట్టుకున్న నర్సును చూస్తే, ఇదివరకు ఒకసారి దానికోసం వెతుక్కున్న మనిషని తెలిసిపోతుంది.

ఈ పనికి ఎంత బరువుందో ఒక్క అంకె చాలు. 2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 దాకా భారతదేశంలో పాము కాటుతో పోయినవాళ్లు సుమారు 12 లక్షలు, అంటే ఏటా సగటున 58 వేలు. ఆంధ్రప్రదేశ్ ఆ భారం ఎక్కువగా మోసిన రాష్ట్రాల్లో ఒకటి.

తల ఎత్తమని అడగడం

పురుగుమందు కేసులో మొదటి రాత్రి హడావుడి అందరికీ తెలుసు. నోట చొంగ, ఒళ్లంతా చెమట, సూదిమొనంత కంటిపాప, గురకలాంటి ఊపిరి. విరుగుడుగా అట్రోపిన్ పడుతూ ఉంటుంది. ఊపిరితిత్తుల్లో నీటి చప్పుడు పోయిందా, చంక ఆరిందా, నాడి 80 దాటిందా అని చూస్తూ డాక్టరు మోతాదు పెంచుతుంటాడు. కొత్త సిస్టర్లు ఈ రాత్రిని బాగానే నెగ్గుతారు. అందరూ చుట్టూ ఉంటారు, ఏం చేయాలో చెప్పేవాళ్లుంటారు.

ముప్పు మూడో రోజున ఉంటుంది. రోగి లేచి కూర్చున్నాడు, మాట్లాడాడు, ఇడ్లీ అడిగాడు. ఐసీయూ నుంచి వార్డుకు మార్చారు. శ్రీలంక వైద్యులు సేననాయకే, కరల్లియెద్దే 1987లో వర్ణించిన స్థితి సరిగ్గా ఇక్కడే పొంచి ఉంటుంది. మందు లోపలికి పోయిన 24 నుంచి 96 గంటల మధ్య మెడ కండరాలు, ఊపిరి తీసే కండరాలు నీరసించిపోతాయి. అట్రోపిన్ దీన్ని ఆపదు. దీన్ని పట్టుకోవడానికి యంత్రం అక్కర్లేదు. మంచం పక్కన నిలబడి, ‘తాతా, ఒకసారి దిండు మీద నుంచి తల ఎత్తు’ అంటే చాలు. ఎత్తి కొన్ని క్షణాలు నిలబెట్టగలిగితే మంచిది. గడ్డం వణికి తల మళ్లీ దిండు మీద పడిపోతే డాక్టరును ఆ నిమిషమే పిలవాలి. ఊపిరి ఆగే దాకా ఇంకా కొన్ని గంటలు చేతిలో ఉన్నాయి.

తెలిసిన నర్సు ఈ మాట ప్రతి డ్యూటీలో అడుగుతుంది. డ్యూటీ అప్పగిస్తూ ఓవర్ ఇచ్చేటప్పుడు ‘పొద్దున తల ఎత్తాడు, మధ్యాహ్నం సగమే ఎత్తాడు’ అని చెబుతుంది. ఓవర్ తీసుకునే అమ్మాయి ఆ వాక్యం విన్నరోజున, పుస్తకంలోని అధ్యాయం మొత్తం ఆమెకు ఒక మనిషి మెడ మీదికి దిగుతుంది.

తేలు కాటులోనూ ఇదే రకం చూపు కావాలి. నొప్పితో గగ్గోలు పెట్టే పిల్లాడికంటే, నొప్పి తగ్గి చేతులు కాళ్లు మంచులా చల్లబడి చెమటలు కక్కుతున్న పిల్లాడు ఎక్కువ ప్రమాదంలో ఉన్నాడు. కొంకణంలోని మహాడ్‌లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ఎర్రతేలు విషానికి ప్రజోసిన్ మందు పనిచేస్తుందని నిరూపించాక మరణాలు బాగా తగ్గాయి. సున్నం కంట్లో పడినవాళ్ల విషయంలో మాత్రం విచక్షణ అంతా తొలి అరనిమిషంలోనే తేలిపోతుంది. రెప్పల కింద ఇరుక్కున్న పొడి ముక్కలను ముందు తుడిచి తీసి, వెంటనే, ఆగకుండా, కనీసం అరగంట నీళ్లతో కడగాలి. పేరు, ఊరు, ఓపీ చీటీ తర్వాత రాసుకోవచ్చు.

లేబర్ రూము

కాన్పు గదిలో విచక్షణ చేతివేళ్లలో ఉంటుంది. బిడ్డ పుట్టి, మాయ పడ్డాక తల్లి పొట్ట మీద చేయి వేసి గర్భసంచిని తడమాలి. ముడుచుకున్న గర్భసంచి గట్టి కొబ్బరికాయలా తగులుతుంది. ముడుచుకోనిది మెత్తగా, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియకుండా ఉంటుంది. మొదటి రెండు గంటలు పావుగంటకోసారి ఇలా చూడాలని నియమం. గట్టిదనానికీ మెత్తదనానికీ తేడా ఏ బొమ్మా చెప్పలేదు. సీనియర్ సిస్టర్ కొత్త అమ్మాయి చేతిమీద తన చేయి పెట్టి నొక్కించి, ‘ఇది బాగుంది, గుర్తుపెట్టుకో’ అనాలి. అలా పాతిక మంది బాగున్న తల్లుల్ని తడిమిన చేతికే బాగులేని తల్లి తగలగానే తెలుస్తుంది. ప్రమాదాన్ని గుర్తించడం నేర్చుకోవాలంటే మామూలును ఎక్కువగా చూడాలన్న సత్యం ఇక్కడ బోధపడినంతగా మరెక్కడా బోధపడదు.

నెత్తురు పోవడాన్ని కంటితో అంచనా వేయడంలో అనుభవజ్ఞులూ పొరబడతారు, సాధారణంగా తక్కువగా చెబుతారు. కొలత గీతలున్న ప్లాస్టిక్ సంచీని తల్లి కింద పరిచి, 500 మిల్లీలీటర్లకు చేరేలోపే గుర్తించి, మసాజు, మందులు, సెలైన్, పరీక్ష అన్నీ ఒక్కసారిగా మొదలుపెట్టే పద్ధతిని నాలుగు ఆఫ్రికా దేశాల్లో పరీక్షించి 2023లో ఫలితాలు ప్రకటించారు. తీవ్ర రక్తస్రావం బాగా తగ్గింది. అంటే అనుభవానికి కూడా కొలత తోడు కావాలి.

తెలుగు నేలమీద ఈ దిశగా జరిగిన మంచి ప్రయత్నం తెలంగాణది. అక్కడి ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఆసుపత్రి తోడ్పాటుతో 2017లో స్టాఫ్ నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించింది. కాన్పును సొంతంగా నడిపించే బాధ్యతను, ఎప్పుడు డాక్టరును పిలవాలన్న నిర్ణయాన్ని నర్సుకే అప్పగించడం అందులో విశేషం. నిర్ణయం తీసుకోనివ్వకుండా నిర్ణయశక్తి పెరగాలని కోరుకోవడం అత్యాశ.

డాక్టరుకు ఫోను

రాత్రి రెండు గంటలకు ఆన్‌కాల్ డాక్టరుకు ఫోను చేయడం కొత్త నర్సుకు పెద్ద పరీక్ష. విసుక్కుంటారేమో, ‘ఇంతమాత్రం దానికి లేపాలా?’ అంటారేమో అన్న భయం. ఆ భయంలో ‘సార్, పేషెంటు బాగాలేదు సార్’ అని ఆగిపోతుంది. అవతల డాక్టరుకు ఏమీ అర్థం కాదు. అమెరికా నౌకాదళపు జలాంతర్గాముల నుంచి ఆసుపత్రులకు వచ్చిన ఒక పద్ధతి ఇక్కడ ఆదుకుంటుంది: ఇప్పుడేం జరుగుతోంది, వెనక కథేమిటి, నా అంచనా ఏమిటి, మీరేం చేయాలని కోరుతున్నాను. ‘సార్, పురుగుమందు కేసు, మూడో రోజు. పొద్దున తల ఎత్తాడు, ఇప్పుడు ఎత్తడం లేదు. శ్వాస 28. మెడ కండరాలు పోతున్నాయని నా అనుమానం. మీరు వచ్చి చూడాలి.’ ఈ ఐదు ముక్కలు చెప్పగలిగిన రోజున ఆమెకు ధైర్యం వచ్చిందని లెక్క. కాగితం మీద రాసుకుని ఫోను చేయడంలో సిగ్గుపడాల్సింది లేదు.

ఫోనుకు అవతలివైపు కూడా బాధ్యత ఉంది. ఒక్కసారి కసురుకున్న డాక్టరు, ఆ తర్వాత రావలసిన పది ఫోన్లను ఆపేసినట్టే.

అడ్డుపడేవి

అన్నిటికంటే పెద్దది సంఖ్య. బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకొక నర్సు, ఇతర ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒకరు అన్నది నర్సింగ్ కౌన్సిల్ చెప్పిన ప్రమాణం. మన వార్డుల్లో రాత్రిపూట ఒక్క సిస్టర్ ముప్పై, నలభై మంచాలు చూడడం ఎవరికీ వింతగా అనిపించదు. అనిపించాలి. లిండా ఐకెన్ బృందం పెన్సిల్వేనియా ఆసుపత్రుల్లో చేసి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, నర్సుకు అదనంగా అప్పగించిన ఒక్కో రోగితో శస్త్రచికిత్స రోగులు 30 రోజుల్లో చనిపోయే అవకాశం 7 శాతం పెరిగింది. నలభై మంచాల మధ్య పరుగెత్తే మనిషికి తాత మాట తగ్గించిన సంగతి ఎప్పుడు కనబడాలి?

కాంట్రాక్టు ఉద్యోగాలు, తరచు బదిలీలు మరో అడ్డంకి. బెన్నర్ చెప్పిన రెండు మూడేళ్లు ఒకే తరహా వార్డులో నిలవనిస్తేనే మెట్టెక్కేది. లేబర్ రూములో చేయి కుదురుకుంటున్న అమ్మాయిని జ్వరాల వార్డుకు, అక్కడి నుంచి ఆపరేషన్ థియేటర్‌కు తిప్పితే ప్రతిచోటా మళ్లీ కొత్తదే. తప్పు జరిగినప్పుడు మెమో ఇచ్చి ఊరుకోవడం ఇంకొకటి. శిక్ష భయంతో దాచిన తప్పు నుంచి ఎవరూ నేర్చుకోరు.

పల్నాడుకే ప్రత్యేకమైన లోటు రిఫరల్. మాచర్లలోనో గురజాలలోనో తొలి వైద్యం చేసి 108లో గుంటూరుకు పంపుతారు. 2005 ఆగస్టు 15న మొదలైన ఈ అంబులెన్సు సేవ ఎన్నో ప్రాణాలు నిలిపింది. కానీ బండి గేటు దాటాక పంపిన సిస్టర్‌కు కథ అక్కడితో తెగిపోతుంది. ఫిట్స్ వచ్చిన గర్భిణికి మెగ్నీషియం సల్ఫేట్ ఒక్కో పిరుదుకు 5 గ్రాముల చొప్పున, అంటే మొత్తం పది యాంప్యూల్స్ వేసి పంపింది. బతికిందా? బిడ్డ ఉన్నాడా? దారిలో మళ్లీ ఫిట్స్ వచ్చాయా? టానర్ చెప్పిన నాలుగో పనికి, నెమరువేసుకోవడానికి, కావలసిన మేత ఇదే. అది నూరు కిలోమీటర్ల అవతల ఉండిపోతుంది. ఫలితం తెలియని నిర్ణయం, తీరం చూడని ఈత. ఎన్నేళ్లు ఈదినా ఎటు వెళ్తున్నామో తెలియదు. రిఫరల్ రిజిస్టరులో ‘ఏమైంది’ అని ఒక గడి చేర్చి, వారానికోసారి గుంటూరు వార్డుకు ఫోను చేసి నింపడానికి డబ్బు ఖర్చు లేదు. జిల్లాలో కొత్త నర్సుల కోసం ఒక్క మార్పే చేయగలిగితే, ఇది చేయాలి.

ప్రస్తుతానికి ఆ గడిని నర్సులే తమకు తోచిన దారిలో నింపుకుంటున్నారు. తిరిగొచ్చిన 108 పైలట్‌ను టీ దగ్గర ఆపి, ‘నిన్నటి కేసు ఏమైంది అన్నా?’ అని అడుగుతారు. గుంటూరులో పనిచేసే క్లాస్‌మేట్‌కు మెసేజ్ పెడతారు. కొన్నిసార్లు కబురు దానంతటదే నడిచి వస్తుంది. నెలన్నర టీకా రోజున ఒక తల్లి బిడ్డను భుజాన వేసుకుని వరసలో నిలబడుతుంది. కార్డు తీసుకున్న సిస్టర్ పేరు చూసి, ముఖం చూసి, పక్కనున్న కొత్త అమ్మాయిని పిలుస్తుంది. ‘ఆ రాత్రి చెప్పానే, పది యాంప్యూల్స్. ఈ అమ్మాయే.’ కొత్త సిస్టర్ తల్లినొకసారి, బిడ్డనొకసారి చూస్తుంది. తర్వాత, వేయకముందు మోకాలి కుదుపు చూశారా, శ్వాసలు ఎన్ని ఉన్నాయి, మూత్రం ఎంత వచ్చింది అని వరసగా అడగడం మొదలుపెడుతుంది.